థీమ్ పార్కుల్లో స్ట్రోలర్ల రద్దీ: పిల్లలున్నవాళ్లూ లేనివాళ్లూ చెప్పండి

వేణునాదం (డాలస్)

క్రిస్మస్ సెలవుల్లో అమ్మానాన్నలను ఫ్లోరిడాలోని ఓర్లాండో థీమ్ పార్కులకు తీసుకెళ్లాను. అమ్మకు అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు. చక్రాల కుర్చీ తీసుకుందామంటే వద్దని పట్టుబట్టి నడిచింది. ఒక పార్కులో సాయంత్రం పరేడ్ అయిపోయి జనం ఒక్కసారిగా కదిలినప్పుడు వెనక నుంచి ఎవరిదో రెండు సీట్ల స్ట్రోలర్ (పిల్లలను కూర్చోబెట్టి తోసే బండి) వచ్చి ఆమె మడమకు గట్టిగా తగిలింది. తోస్తున్నాయన వెంటనే క్షమించమన్నాడు. ఆయనను మాత్రం ఏమనగలం, వెనకవాళ్లు ఆయననూ నెడుతున్నారు. అమ్మకు మడమ దగ్గర చర్మం చీరుకుపోయింది. ఆ తర్వాత ఎక్కడ కూర్చోబెట్టాలా అని చోటు వెతకడంతోనే రాత్రయింది.

పసిపిల్లల గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ ఆరేడేళ్లు వచ్చి, కాళ్లు నేలకు ఆనుతున్న పిల్లలను కూడా కూర్చోబెట్టి తోసుకెళ్తున్నారు. పిల్లలు నడుస్తుంటే స్ట్రోలర్లో సంచులు, జాకెట్లు, బొమ్మలు ఊరేగుతున్నాయి. రోజుకు ఇన్ని స్ట్రోలర్లే లోపలికి అని పార్కులు పరిమితి పెట్టాలా? అసలు రద్దీకి ఇవే కారణమా, లేక కంటికి ముందు కనబడేవి ఇవి కాబట్టి వీటిని అంటున్నామా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కవలల అమ్మ (షార్లెట్)

వేణు గారూ, అమ్మగారి కాలు ఇప్పుడు ఎలా ఉంది?

నాకు రెండున్నరేళ్ల కవలలు. స్ట్రోలర్ లేకుండా రమ్మంటే మేము పార్కుకు రానట్టే. జులైలో ఓర్లాండో ఎండ 33 డిగ్రీలు, పైగా ఉక్కపోత. మధ్యాహ్నం దాటితే ఉరుములతో వాన. ఇద్దరిలో ఒకరు నిద్రపోతే ఇంకొకరు ఏడుస్తారు. ఒకరిని ఎత్తుకుని, రెండోవారి చేయి పట్టుకుని, పాల సీసాల సంచి భుజాన వేసుకుని ఆ జనంలో నడవడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. చేయి జారిందంటే బిడ్డ కనబడదు. నాకు అన్నిటికన్నా పెద్ద భయం అదే.

పక్కపక్కన సీట్లుండే దాని కంటే ఒకదాని వెనక ఒకటి ఉండే రకం జనంలో మేలు. వెడల్పు ఒక్క సీటు దానంతే ఉంటుంది. తిప్పడం మాత్రం కష్టం, ముందు చక్రాలు చాలా దూరంలో ఉంటాయి. కొనాలనుకునేవాళ్లు రెండూ తోసి చూసుకుని కొనండి.

టాంపా తెలుగు (టాంపా)

మేము ఏడాది పాస్ ఉన్నవాళ్లం, వారాంతాల్లో తరచుగా వెళ్తుంటాం. పరిమితి మాట వచ్చింది కాబట్టి ఉన్న నియమాలు చెబుతాను. ఓర్లాండోలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఒకప్పుడు 36 అంగుళాల వెడల్పు దాకా అనుమతించేవారు. 2019 మే 1 నుంచి వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు దాటకూడదన్నారు. అంటే సుమారు 79, 132 సెంటీమీటర్లు. పిల్లలను కూర్చోబెట్టి లాగే బండ్లు, అంటే స్ట్రోలర్ వ్యాగన్లు, పూర్తిగా వద్దన్నారు. అప్పుడే పార్కు లోపల పొగ తాగే చోట్లు తీసేశారు, విడి ఐసు తేవడం ఆపేశారు. ఇవన్నీ జనం సాఫీగా కదలడానికేనని చెప్పారు.

ఆ సమయం కూడా గమనించండి. అదే ఏడాది మే 31న కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో, ఆగస్టు 29న ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లోని హాలీవుడ్ స్టూడియోస్‌లో స్టార్ వార్స్ గెలాక్సీస్ ఎడ్జ్ అనే కొత్త విభాగం తెరిచారు. రాబోయే జనాన్ని ముందే ఊహించి దారులు సర్దుకున్నారు.

కొలత మీద పరిమితి ఉంది, సంఖ్య మీద లేదు. సంఖ్య మీద పెడితే ద్వారం దగ్గర ఏ తల్లిని వెనక్కి పంపుతారు?

సూటిమాట (సియాటెల్)

మాకు పిల్లలు లేరు, నేనూ నా భర్తా ఇద్దరమే వెళ్తాం. టిక్కెట్టుకు మేమూ డబ్బులు పెడుతున్నాం. దారి మధ్యలో స్ట్రోలర్ ఆపి ఫొటోలు తీసుకునేవాళ్లను, బాణసంచా మొదలవడానికి గంట ముందే స్ట్రోలర్‌ను అడ్డం పెట్టి చోటు ఆక్రమించేవాళ్లను ఎవరూ అడగరు. స్ట్రోలర్లకు వేరే దారి కేటాయించాలి. రోజులో కొన్ని గంటలు స్ట్రోలర్లు లేకుండా ఉంచినా తప్పు లేదు. ఏడేళ్ల పిల్లవాడిని నడిపించలేని తల్లిదండ్రులు కాస్త ఆలోచించుకోవాలి.

అనామిక (న్యూజెర్సీ)

సూటిమాట గారూ, ఆ ఏడేళ్ల పిల్లవాడు మా అబ్బాయి కావచ్చు.

వాడు ఎత్తుగా ఉంటాడు, నడవగలడు, పరుగెత్తగలడు. ఆటిజం ఉంది. శబ్దం, వెలుతురు, చుట్టూ జనం ఒక స్థాయి దాటితే చెవులు మూసుకుని నేల మీద పడుకుంటాడు, లేదా చేయి విడిపించుకుని దిక్కు తెలియకుండా పరుగెడతాడు. స్ట్రోలర్ పైకప్పు దించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెడితే పది నిమిషాల్లో స్థిమితపడతాడు. పార్కు సహాయ కేంద్రం గెస్ట్ రిలేషన్స్‌లో చెబితే స్ట్రోలర్‌కు ఎర్రటి ట్యాగ్ ఒకటి కడతారు. అది ఉంటే దాన్ని చక్రాల కుర్చీగా లెక్కిస్తారు, క్యూలోకి తీసుకెళ్లనిస్తారు. మా వెనక నిలబడినవాళ్లకు ఆ ట్యాగ్ కనబడదు. పిల్లవాడి ఎత్తు మాత్రం కనబడుతుంది. గుసగుసలు మాకు వినబడుతూనే ఉంటాయి.

వాడికి ఆ రోజు ఏడాదంతా గుర్తుంటుంది. రైలు బొమ్మ గీస్తూనే ఉంటాడు. అందుకే వెళ్తాం.

నిర్వాహకుడు

ఒక విన్నపం. స్ట్రోలర్ల గురించి, దారుల గురించి ఎంత గట్టిగానైనా వాదించండి. ఇతరుల పిల్లల వయసునూ పెంపకాన్నీ తూచే వ్యాఖ్యలు మాత్రం ఇక్కడ వద్దు.

పాదచారి (షికాగో)

నేను రవాణా ప్రణాళికలో పనిచేస్తాను. రైల్వే స్టేషన్లు, స్టేడియంల దగ్గర జనం నడిచే దారులను లెక్కగట్టడమే నా వృత్తి. వేణు గారి రెండో ప్రశ్నకు కొంత జవాబు చెప్పగలను. కొంచెం పొడవవుతుంది, ఓపిక పట్టండి.

ఈ రంగంలో ఇప్పటికీ అందరూ ఆధారపడేది పాదచారుల దారులను పరిశోధించిన జాన్ ఫ్రూయిన్ 1971లో ఇచ్చిన లెక్కలమీదే. ఆయన నిలబడిన మనిషికి 18 అంగుళాల మందం, 24 అంగుళాల వెడల్పు లెక్కించాడు. నడిచే దారిలో మనిషికి మూడు చదరపు మీటర్లకు పైగా చోటుంటే ఎవరి వేగంతో వారు వెళ్తారు. ఒక చదరపు మీటరుకు తగ్గితే అడుగులు చిన్నవై, అందరూ ఈడ్చుకుంటూ నడుస్తారు. అర చదరపు మీటరుకు తగ్గితే కదలిక దాదాపు ఆగుతుంది. ఇంకా తగ్గితే శరీరం మన అదుపులో ఉండదు, జనం ఎటు ఊగితే అటు పోతాం.

ఇప్పుడు అనుమతి ఉన్న స్ట్రోలర్లలో అతి పెద్దదాన్ని తీసుకోండి. పొడవు 52 అంగుళాలు, దాని వెనక తోసే మనిషి మందం 18. మొత్తం 70 అంగుళాలు, వెడల్పు 31. అది 1.4 చదరపు మీటర్లు. నిలబడిన మనుషులు ఐదుగురు పట్టే చోటు. ఈ లెక్క ఇక్కడితో ఆపితే సూటిమాట గారిదే గెలుపు. కానీ ఆ స్ట్రోలర్ తీసేసి చూడండి. ఇద్దరు పసిపిల్లలు నేల మీదికి దిగుతారు. చెరో చేయి పట్టుకుని తల్లీ తండ్రీ నడిస్తే నలుగురు అడ్డంగా ఒకే వరుసలో ఉంటారు, మూడేళ్ల పిల్ల నడిచే వేగంతో. ప్రతి బుడగల బండి దగ్గరా ఆగుతారు. వాళ్ల వెనక వచ్చేవాళ్లంతా అదే వేగానికి తగ్గాలి. పసిపిల్లలున్న స్ట్రోలర్ దారికి అంత పెద్ద భారం కాదు. ఖాళీ స్ట్రోలర్, సంచుల స్ట్రోలర్ మాత్రం నిజంగా భారం. పిల్లలు పక్కన నడుస్తూనే ఉంటారు, బండి తన చోటు తాను తీసుకుంటుంది.

ఇక వేణు గారి అమ్మగారి మడమ. స్ట్రోలర్ ముందు చక్రం తోసే మనిషికి మీటరు పైగా ముందుంటుంది, అదీ నేలకు ఆనుకుని. జనం చిక్కబడినప్పుడు మనం తలలను, భుజాలను చూసి నడుస్తాం. భుజాల ఎత్తులో అక్కడ ఖాళీ ఉన్నట్టే కనబడుతుంది. పక్క నుంచి వచ్చేవారు ఆ ఖాళీలోకి అడుగు వేస్తారు. తోసేవారికేమో పైకప్పు అడ్డం, తన చక్రం ఎవరి కాలి దగ్గర ఉందో కనబడదు. ఇద్దరూ జాగ్రత్తగానే ఉన్నా తగులుతుంది. అందుకే జనం ఒకేసారి కదిలే పది, పదిహేను నిమిషాలు స్ట్రోలర్‌తో నడవకుండా పక్కకు ఆగడం అన్ని జాగ్రత్తల కన్నా ముఖ్యం.

అసలు కారణం ఆ ఒకేసారి కదలడమే. 2019లో డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్‌కు ఏడాదిలో సుమారు 2 కోట్ల 10 లక్షల మంది వచ్చారని పరిశ్రమ అంచనా. రోజుకు సగటున 57 వేలు. అంతమంది రోజంతా పార్కు నిండా పరుచుకుని ఉంటే దారులు తట్టుకుంటాయి. పరేడ్, బాణసంచా వాళ్లందరినీ ఒకే కూడలికి లాగి, ఒకే నిమిషంలో వదిలేస్తాయి.

టాంపా తెలుగు (టాంపా)

పాదచారి గారు చెప్పింది మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రోజూ చూడవచ్చు. ఫాంటసీల్యాండ్‌లో పీటర్ పాన్ రైడ్‌కూ, ఎదురుగా ఉన్న స్మాల్ వరల్డ్‌కూ మధ్య దారి సన్నగా ఉంటుంది. రెండు రైడ్ల జనమూ అక్కడే, దాటిపోయేవాళ్లూ అక్కడే. డిస్నీ వరల్డ్‌లోనే ఉన్న ఇంకో పార్కు ఎప్కాట్‌లో పదకొండు దేశాల మంటపాల చుట్టూ దాదాపు రెండు కిలోమీటర్ల దారి ఉంది, అందులో చాలా భాగం విశాలం. అన్నే స్ట్రోలర్లున్నా అక్కడ ఊపిరాడుతుంది.

మ్యాజిక్ కింగ్‌డమ్‌లో బాణసంచా అయ్యాక ద్వారం వైపు పోయే మెయిన్ స్ట్రీట్ నిండిపోతే, దుకాణాల వెనక నుంచి బయటికి ఇంకో దారి ఉంది. రద్దీ రాత్రుల్లో తెరుస్తారు. సిబ్బంది చేతిలో లైట్లతో అటు చూపిస్తారు, చాలామంది పట్టించుకోరు.

గుంటూరు తాతయ్య (ప్రస్తుతం అట్లాంటా)

మా అబ్బాయి ఈ చర్చ చూపిస్తే చదివాను. ఇద్దరు మనవలతో, కోడలితో ఈ వేసవిలో మేమూ అటువంటి పార్కుకు వెళ్లి వచ్చాం.

నేను ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా 2003లోనూ 2015లోనూ గోదావరి పుష్కరాల విధులకు వెళ్లాను. 2015 జులై 14న రాజమండ్రిలో ఒక్క ఘాట్ దగ్గరే జనం పోగై తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయాయి. నది పొడవునా ఎన్నో ఘాట్లున్నాయి. జనం మాత్రం ఒకే చోటికి, ఒకే ముహూర్తానికి వచ్చారు. ఆ తర్వాత ఎక్కడ జనం దగ్గరపడినా నా చూపు ముందుగా బయటికి పోయే దారి కోసం వెతుకుతుంది. ఇక్కడి పార్కులో తాళ్లు కట్టి, ఒక వైపు వెళ్లేవాళ్లను, ఒక వైపు వచ్చేవాళ్లను వేరు చేయడం చూసి నా మనసు నిమ్మళించింది.

పాదచారి బాబూ, నీ లెక్క నాకు బాగా అర్థమైంది. ఒక్క మాట కలుపుతాను. తిరుమలలో ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులను సుపథం దారిన దర్శనానికి పంపుతారు. వాళ్లను మామూలు క్యూలో గంటల తరబడి నిలబెట్టకపోవడం వాళ్లకూ మేలే, వెనక ఉన్నవాళ్లకూ మేలే. స్ట్రోలర్లను లోపలికి రానివ్వాలా వద్దా అని ఆలోచించే బదులు, పసిబిడ్డతో వచ్చినవాళ్లు ఏ వేళలో ఏ దారిన పోవాలో పార్కువాళ్లే ముందుగా చెబితే బాగుంటుంది. ఎత్తుకుని తిరగమని సలహా ఇచ్చేవారు పన్నెండు కిలోల పిల్లవాడిని ఎండలో ఒక గంట ఎత్తుకుని చూడాలి.

అనామిక తల్లీ, మీ అబ్బాయి గీసిన రైలు బొమ్మ ఒకటి ఇక్కడ పెట్టు. చూడాలని ఉంది.

సూటిమాట (సియాటెల్)

అనామిక గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ట్యాగ్ ఉన్నవాళ్ల విషయంలో నాకు ఇక వాదన లేదు. దారి మధ్యలో ఆపేవాళ్ల మీద మాత్రం నా మాట అలాగే ఉంది. వేరే దారి ఎందుకు కుదరదో పాదచారి గారు చెబితే వింటాను.

పాదచారి (షికాగో)

స్ట్రోలర్‌తో వచ్చే కుటుంబం ప్రతి పది నిమిషాలకు ఒక చోట ఆగుతుంది. రైడ్ దగ్గర, మరుగుదొడ్డి దగ్గర, తిండి దగ్గర. వేరే దారి పెడితే ఆగిన ప్రతిసారీ మామూలు నడకదారిని అడ్డంగా కోసుకుని పోవాలి. తాకిడి పెరుగుతుంది తప్ప తగ్గదు. పైగా ఉన్న వెడల్పులోంచి కొంత తీసి కేటాయిస్తే స్ట్రోలర్లు తక్కువున్న వేళ ఆ చోటు వృథా.

పనిచేసేది వేరే ఉంది. ఆగే చోట్లను నడిచే దారి నుంచి తప్పించడం. 2019లో డిస్నీల్యాండ్ ప్రాజెక్ట్ స్టార్‌డస్ట్ అని ఒక పని చేపట్టింది. గట్లను, పూలమడుల అంచులను తగ్గించి దారులు వెడల్పు చేశారు, స్ట్రోలర్లు నిలిపే చోట్లను ఇరుకు మూలల నుంచి మార్చారు. 1955లో కట్టిన పార్కు అది, అప్పటి కుటుంబాలు ఇంత సామానుతో వచ్చేవి కావు. అడ్వెంచర్‌ల్యాండ్ వైపు దారి ఎంత ఇరుకో చూసినవాళ్లకు తెలుసు. నా దృష్టిలో స్ట్రోలర్ల సమస్యకు అసలైన మందు ఇటువంటి పనే. కొత్త రైడ్‌కు పెట్టే డబ్బులో కొంతైనా దారులకు పెట్టమని పార్కులను అడగాలి. దారి బాగుందని ఎవరూ టిక్కెట్టు కొనరు కాబట్టి అది ఎప్పుడూ వెనకబడుతుంది.

పాత నీలిచొక్కా (హైదరాబాద్)

చదువుకునే రోజుల్లో ఓర్లాండోలోని ఒక పార్కులో కొన్ని నెలలు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం స్ట్రోలర్లు నిలిపే చోటే నా విధి. అవతలివైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను.

మీరు స్ట్రోలర్ వదిలి రైడ్‌కు వెళ్లగానే మేము దాన్ని జరుపుతాం. వచ్చినవాళ్లు వచ్చినట్టు వదిలేస్తారు, అరగంటలో దారి సగం మూసుకుపోతుంది. వరుసలుగా పేర్చి, దారి తెరుస్తూ ఉండడమే పని. తిరిగి వచ్చిన తల్లి పెట్టిన చోట బండి కనబడక దొంగతనం అనుకుని కంగారుపడుతుంది. దయచేసి రంగు రిబ్బను కట్టండి, పేరు రాసిన చీటీ తగిలించండి. చక్రాలకు తాళం వేయకండి. తాళం వేసిన ఒక్క స్ట్రోలర్ వల్ల వరుసంతా ఆగిపోతుంది. విలువైన వస్తువులు అందులో వదలకండి. వాన పడే వేళ పైన కప్పడానికి ఒక ప్లాస్టిక్ కవరు ఉంచుకోండి.

ఇంకొకటి. ఏదైనా ప్రదర్శన ముగిసినప్పుడు జనం ఆనకట్ట తలుపులు ఎత్తినట్టు వస్తారు. ఆ క్షణంలో మాకు అందరికన్నా భయం కలిగించేది దారి మధ్యలో ఆగి స్ట్రోలర్ మడిచే కుటుంబం. మడవాలంటే గోడ పక్కకు వెళ్లి మడవండి.

కవలల అమ్మ (షార్లెట్)

రిబ్బను మాట నిజం. మాది పసుపు రంగు, దూరం నుంచే కనబడుతుంది.

కొత్తగా వెళ్లేవాళ్లకు ఇంకొన్ని. రైడ్‌కు ఎత్తు సరిపోని పిల్లలుంటే రైడర్ స్విచ్ అడగండి. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కు 38 అంగుళాలు, స్పేస్ మౌంటెన్‌కు 44 అంగుళాలు ఉండాలి. ఒకరు పిల్లలతో బయట ఉంటారు, మొదటివారు వచ్చాక రెండోవారు మళ్లీ మొదటి నుంచి క్యూ కట్టనవసరం లేదు. పిల్లలతో ఆగేవారు రైడ్ ముందు కాకుండా ఏదైనా నీడకు వెళ్లండి. బేబీ కేర్ సెంటర్ ప్రతి డిస్నీ పార్కులోనూ ఉంది. చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది, పాలివ్వడానికి గదులున్నాయి, మైక్రోవేవ్ కూడా ఉంది. ఇంటి నుంచి తిండి తీసుకెళ్లనిస్తారు, గాజు పాత్రలు వద్దు. నేను పెరుగన్నం, పులిహోర చిన్న డబ్బాల్లో పెట్టుకుంటాను. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా అందరూ తిండి కౌంటర్ల దగ్గర స్ట్రోలర్లతో ఇరుక్కుపోతుంటే మేము అక్కడ కూర్చుని తింటాం.

అనామిక (న్యూజెర్సీ)

తాతయ్య గారూ, బొమ్మ పెట్టాను, కింద చూడండి. ఇంజిను ఎప్పుడూ ఆకుపచ్చే. ఇంకో రంగు ఒప్పుకోడు.

గుంటూరు తాతయ్య (ప్రస్తుతం అట్లాంటా)

చూశానమ్మా. పెట్టెలకు తలుపులు, కిటికీలు అన్నీ లెక్కగా గీశాడు. బాబుకు నా ఆశీస్సులు చెప్పు.

వేణునాదం (డాలస్)

అందరికీ ధన్యవాదాలు. అమ్మ కాలు మానిపోయింది. సంఖ్య మీద పరిమితి గురించి టాంపా వారు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఖాళీ స్ట్రోలర్‌ను రోజంతా తోసుకు తిరగకుండా ఒక చోట నిలిపి ఉంచడం అలవాటు కావాలన్నది మాత్రం గట్టిగా అనుకుంటున్నాను.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. వసంతకాలం సెలవుల్లో మా చెల్లెలు, బావగారు, ఎనిమిది నెలల పాపతో వస్తున్నారు. ఈసారి అమ్మను చక్రాల కుర్చీకి ఒప్పించాను. స్ట్రోలర్ ఇంటి నుంచి తేవాలా, పార్కులో అద్దెకు తీసుకోవాలా?

టాంపా తెలుగు (టాంపా)

ఎనిమిది నెలల పాపకు పార్కు అద్దె స్ట్రోలర్ వద్దు. గట్టి ప్లాస్టిక్, వెనక్కి వాలదు, పాప నిద్రపోలేదు. పైగా దాన్ని పార్కు బయటికి తీసుకురానివ్వరు, రాత్రి పార్కింగ్ దాకా ఎత్తుకునే నడవాలి. నడిచి నడిచి అలసిపోయే నాలుగేళ్ల పిల్లలకైతే అది సరిపోతుంది. ఇంటి నుంచే తెమ్మనండి, సన్నగా మడిచేది అయితే మంచిది. విమానం తలుపు దగ్గర ఇస్తే అమెరికా విమాన సంస్థలు చాలావరకు రుసుం లేకుండా తీసుకుంటాయి.

హోటల్ నుంచి డిస్నీ బస్సులో వెళ్తారా, మోనోరైలులోనా? మోనోరైలులో స్ట్రోలర్ మడవకుండానే ఎక్కించవచ్చు. బస్సులో, పార్కింగ్ ట్రామ్‌లో మడవాల్సిందే. రాత్రి బస్సు వచ్చేసరికి వెనక వంద మంది ఉంటారు, పాప నిద్రలో ఉంటుంది, బావగారు మీ అమ్మగారి కుర్చీ పట్టుకుని ఉంటారు. చెల్లెలిని ఇప్పటి నుంచే ఒక చేత్తో పాపను ఎత్తుకుని రెండో చేత్తో స్ట్రోలర్ మడవడం ఇంట్లో సాధన చేయమనండి.